వేగం జమ, నడుము ఖర్చు

కిందటి సంచికలో నామినేషన్ల గురించి రాసింది చదివి ఒక సోదరి ఫోన్ చేశారు. "ఏమండీ, మీ 'ఇంటి పద్దు'లో ఎప్పుడు చూసినా మనం పోయాక డబ్బు ఎవరికి చేరుతుందన్న గొడవేనా? బతికుండగా ఖర్చు పెట్టుకునే సంగతి ఒకటి రాయకూడదూ?" అన్నారు. న్యాయమైన మాటే. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి ఖర్చు కంటే డిపాజిట్టే ముద్దు మరి. అందుకని ఈసారి కారు గురించి రాస్తున్నాను. కారు అప్పు, వడ్డీ, వాయిదాల గురించి కాదు. కారులో కూర్చున్నాక ఒంటికి ఎంత సుఖం, స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఎంత సంతోషం అన్న రెండు పద్దుల గురించి. ఆ రెండూ ఒకే మనిషి ఖాతాలో పడవని మా ఇంట్లో తెలుసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

మేం ఉండేది వెస్ట్ మాంబళంలో. ఇంట్లో నలుగురం. మా అమ్మ, మా ఆవిడ, మా అబ్బాయి, నేను. రెండేళ్ల కిందట నా పాత కారు అమ్మేశాం. దాని బదులు మా వాడు తన జీతంలోంచి వాయిదాలు కట్టుకుంటానని ఒక చిన్న కారు కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను. మన పత్రికకి ప్రకటనలిచ్చే వాళ్లలో కార్ల వ్యాపారులూ ఉండవచ్చు, తగువు నాకెందుకు? పైగా నేను చెప్పబోయేది ఒక కారు దోషం కాదు, ఆ జాతి కార్లన్నిటి స్వభావం.

ఆ జాతి పేరు హాట్ హ్యాచ్. హ్యాచ్‌బ్యాక్ అంటే మీకు తెలిసిందే. వెనక డిక్కీ విడిగా పొడుచుకు రాకుండా, వెనక తలుపే పైకి లేచే చిన్న కారు. పాలు, కూరలు, పిల్లల బడి కోసం పుట్టిన కారు. అలాంటి దానికి బలమైన ఇంజను పెట్టి, స్ప్రింగులు బిగించి, వెడల్పు టైర్లు తొడిగితే హాట్ హ్యాచ్ అవుతుంది. చూడ్డానికి పప్పుచారే, లోపల మాత్రం గుంటూరు మిరపకాయ దంచి వేసినట్టన్న మాట.

మా అమ్మకి 79 ఏళ్లు. ఆవిడ చెల్లెలు, అంటే మా పిన్ని, నెల్లూరు మూలాపేటలో ఉంటుంది. నా పాత కారు ఉన్న రోజుల్లో అమ్మ రెండు మూడు నెలలకోసారి నెల్లూరు వెళ్లి వారం రోజులుండి వచ్చేది. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిస్తే వాళ్ల లోకం వాళ్లది. కొత్త కారు వచ్చాక రెండుసార్లు వెళ్లింది. ఆ తరవాత ఎప్పుడు అడిగినా "మోకాళ్లు సహకరించడం లేదురా, వచ్చే నెల చూద్దాం" అనేది. వయసు కదా అని మేమూ ఊరుకున్నాం. అలా ఏడాది పైన గడిచిపోయింది.

ఒకరోజు పిన్నే ఫోన్ చేసింది. "నాయనా, నీతో చెప్పద్దని అక్క ఒట్టు వేయించుకుంది. అయినా చెప్తున్నా. ఆమెకి మోకాళ్లు కాదు, ఆ కారంటే భయం. దిగాక రెండు రోజులు నడుం పట్టేసిందంట. మనవడు ముచ్చటపడి కొనుక్కున్నాడు, చెప్తే చిన్నబుచ్చుకుంటాడని గుట్టుగా ఉంది" అంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అబ్బాయితో చెబితే "కారు బ్రహ్మాండంగా ఉంది నాన్నా, ఎవర్నయినా అడగండి" అంటాడని తెలుసు. అందుకని వాడు అనకముందే నేనే అడగడం మొదలుపెట్టాను. ఈ తరహా కార్లున్న మన అసోసియేషన్ సభ్యులు నలుగురైదుగురిని, మా బ్రాంచిలో కుర్రాళ్లనీ విచారించాను. కొనేముందు చెయ్యవలసిన పని కొన్నాక చేశానని మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు.

అందరూ మెచ్చుకున్నది ఒకటే, హ్యాండ్లింగ్. స్టీరింగ్ తిప్పితే కారు వెంటనే మాట వింటుందన్నారు. షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక కుర్రాడు "అంకుల్, ఈసీఆర్‌లో ఉదయం ఆరింటికి మహాబలిపురం దాకా వెళ్లి రండి, మీకే తెలుస్తుంది" అన్నాడు. అణ్ణానగర్‌లో ఉండే డాక్టరు గారు "రాత్రి పన్నెండింటికి ఆస్పత్రి నుంచి పిలుపొస్తే ఈ కారులో నాకు ధైర్యంగా ఉంటుంది. బ్రేకు వేస్తే నిలబడుతుంది, తిప్పితే తిరుగుతుంది" అన్నారు. సుఖం సంగతి అడిగితే మాత్రం జవాబులు నసిగినట్టుగా వచ్చాయి. "కొంచెం గట్టిగానే ఉంటుంది", "అలవాటైపోతుంది", "వేగం పెరిగితే కుదుపు తగ్గుతుంది". ఆ చివరి మాట నిజమే కావచ్చు గానీ, మాంబళం సందుల్లో వేగం ఎక్కడ పెరుగుతుంది?

డాక్టరు గారింట్లో కాఫీ ఇచ్చిన వారి శ్రీమతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. "అన్నయ్యగారూ, కారు ఎలా ఉందని ఆయన్ని అడిగారు సరే, నన్నెవరూ అడగలేదే?" ఆవిడ పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చునే మనిషి. అప్పుడు నాకు తట్టింది. నేను అడిగిన వాళ్లందరూ నడిపేవాళ్లే. ఇది బ్యాంకులో అప్పు తీసుకున్నవాణ్ణి అడిగి, జామీను సంతకం పెట్టినవాణ్ణి అడగకుండా వదిలేసినట్టుంది.

ఇంత చిన్న కారుకి ఈ పౌరుషం ఎక్కణ్ణించి వచ్చిందో కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో 1959లో మినీ అనే బుల్లి కారు వచ్చింది. రేసు కార్లు తయారుచేసే జాన్ కూపర్ దాని మీద చెయ్యి వేస్తే 1961లో మినీ కూపర్ అయింది. అది 1964లో మాంటీ కార్లో ర్యాలీలో పెద్ద పెద్ద కార్లని ఓడించింది. తరవాత 1976లో జర్మనీ వాళ్ల ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జిటిఐ వచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, 110 గుర్రాల బలం. ఒక ఐదు వేల కార్లు అమ్ముడైతే చాలనుకున్నారట, లక్షల్లో పోయాయి. ఆ గోల్ఫ్ జిటిఐ మన దేశానికి 2025లో దిగుమతి అయింది. అప్పట్లో దాని ధర 53 లక్షలు. ఆ అప్పు దరఖాస్తు నా బల్ల మీదికి రాకుండా ఉంటే చాలు.

మన దేశంలో తయారయ్యేవాటికి ఇంకో కారణం ఉంది, అది పన్ను. 2006 బడ్జెట్‌లో చిదంబరం గారు నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు ఇంజనయితే 1,200 సిసి లోపు ఉన్న చిన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. జిఎస్‌టి వచ్చాక కూడా ఆ గీత అలాగే నిలిచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ కొలతల్లో ఒదిగిన కారుకి 18 శాతం, దాటితే 40 శాతం. అందుకని మన ఇంజనీర్లు చిన్న ఇంజనుకే టర్బో తగిలించి బలం రాబట్టారు. 2017లో మారుతి బలేనో ఆర్‌ఎస్ ఒక లీటరు టర్బో ఇంజనుతో వచ్చింది. 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ వచ్చింది. మన చెన్నై పొలిమేరలోని హ్యుందాయ్ ఫ్యాక్టరీ నుంచి 2021లో ఐ20 ఎన్ లైన్ వచ్చింది. ఇంజను 998 సిసి, బలం 120 గుర్రాలు, పొడవు 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకి అయిదు మిల్లీమీటర్లు తక్కువ! పన్ను గీతకి బియ్యపు గింజ పొడవంత ఇవతల ఆగిందన్న మాట. మామూలు ఐ20 కంటే దీని స్ప్రింగులు బిగువు, స్టీరింగ్ బరువు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు.

విశేషమేమిటంటే, ఆ ఫ్యాక్టరీ ఉన్న ఇరుంగాట్టుకోట్టైలోనే 1990లో మన మద్రాసు రేసు ట్రాక్ వెలిసింది. అదే ఊళ్లో 1998 నుంచి శాంట్రో కార్లు తయారయ్యాయి. ఒకే ఊళ్లో ఒకవైపు ఇంటి కార్లు, ఒకవైపు పందెం కార్లు. చివరికి రెండూ కలిసి ఒకే కారై మా ఇంటి ముందుకొచ్చి నిలబడిందనుకున్నాను.

ఇక సుఖానికీ హ్యాండ్లింగ్‌కీ ఉన్న తగువేమిటో తెలుసుకుందామని పెరంబూరులో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా రైలు పెట్టెల కిందే గడిపిన మనిషి. నేను కామర్స్ వాణ్ణి కాబట్టి నాకర్థమయ్యేలా చెప్పారు. నాకర్థమైనంత వరకు ఇదీ.

కారు మలుపు తిరిగినప్పుడు దాని బరువు బయటివైపు చక్రాల మీదికి పోతుంది, కారు ఒరుగుతుంది. స్ప్రింగులు మెత్తగా ఉంటే ఎక్కువ ఒరుగుతుంది, స్టీరింగ్ మాట ఆలస్యంగా వింటుంది. అందుకని హాట్ హ్యాచ్‌లో స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు బిగిస్తారు. ఎడమ కుడి చక్రాల్ని కలుపుతూ ఒక ఇనప కడ్డీ ఉంటుంది, దాన్నీ గట్టిది వేస్తారు. ఒరగడం తగ్గుతుంది. కానీ ఆ కడ్డీ వల్ల ఒక చక్రం గుంతలో పడితే రెండోవైపుకీ కబురు పోతుంది. మెత్తని కారు సెకనుకి ఒకసారి, మహా అయితే ఒకటిన్నర సార్లు ఊగుతుంది. ఒంటికి హాయిగా ఉండే ఊపు అది. స్పోర్ట్స్ కారులో అది రెండు దాకా పోతుంది. వీటి మీద గుంతల అదురు వేరే. సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చే అదురుని మన వెన్నెముక అసలు ఓర్చుకోలేదట.

"మా రైలు పెట్టెకి చక్రాల దగ్గర ఒక వరస, దాని మీద ఇంకో వరస స్ప్రింగులుంటాయి. కారుకి ఆ మొదటి వరస ఏదనుకుంటున్నారు? టైరే" అన్నారాయన. "మీ అబ్బాయి కారు టైరు మీద ఏం రాసి ఉందో చూసి రండి."

చూసి వచ్చి చెప్పాను. 205/45 ఆర్17. ఆయన నవ్వారు. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 205లో 45 శాతం అంటే 92 మిల్లీమీటర్లు. ఇది కారుతో వచ్చిన టైరు కాదు. ఆర్నెల్ల తరవాత అందంగా ఉంటాయని మా వాడు సొంత డబ్బుతో పెద్ద చక్రాలు వేయించాడు. కంపెనీ ఇచ్చినవి 195/55 ఆర్16, అంటే పక్కగోడ 107 మిల్లీమీటర్లు. నా పాత కారుకి ఉన్నవి 175/70 ఆర్14, 122 మిల్లీమీటర్లు. గుంతకీ మా అమ్మ నడుముకీ మధ్య ఉన్న రబ్బరు, గాలి మెత్త మూడు సెంటీమీటర్లు తరిగిపోయిందన్న మాట. లెక్కలు రావని ఎవర్నీ ఎగతాళి చెయ్యకూడదని అప్పుడనుకున్నాను. ఈ లెక్క ఏడాదిగా నా గుమ్మం ముందే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పారు. ముందు సీట్లు ముందు, వెనక చక్రాల నడుమ ఉంటాయి. వెనక సీటు దాదాపు వెనక చక్రాల మీదే ఉంటుంది. కుదుపు వెనకవాళ్లకి నేరుగా తగులుతుంది. నడిపేవాడికి గుంత ముందే కనిపిస్తుంది, ఒళ్లు బిగబట్టుకుంటాడు. వెనకవాళ్లకి ఏ హెచ్చరికా ఉండదు.

ఇదంతా అబ్బాయికి ఉపన్యాసంగా చెబితే వినడు. నేనూ వాడి వయసులో వినలేదు. అందుకని కిందటి సంక్రాంతి ముందు ఆదివారం "నెల్లూరు వెళ్దాం పద, నేను నడుపుతాను, నువ్వు వెనక కూర్చో" అన్నాను. అమ్మని బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టాం. మా ఆవిడా, వాడూ వెనక. సొంత కారు వెనక సీట్లో వాడు కూర్చోవడం అదే మొదటిసారి.

మాధవరం దాటేవరకు వాడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. రెడ్‌హిల్స్ దాటి షోళవరం దగ్గరికి వచ్చేసరికి ఫోను జేబులో పెట్టేశాడు. ఆ అదురులో అక్షరాలు కనపడటం లేదట. నేను షోళవరం చూపించి కబుర్లు మొదలుపెట్టాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు మద్రాసు కార్ల పందేలన్నీ అక్కడే. నేను పదో తరగతిలో ఉండగా మా బావ స్కూటరు మీద తీసుకొచ్చాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు, దుమ్ము, పెట్రోలు వాసన. వారం రోజులపాటు నాకు అన్నం సయించలేదు. "మరి నన్నెందుకు తిడతారు?" అన్నాడు మా వాడు వెనక నుంచి. "తిట్టడం లేదురా. అక్కడ పందెం కారులో ఒకటే సీటుండేది, ఆ సంగతి చెబుతున్నా" అన్నాను.

గుమ్మిడిపూండి దాటాక "నాన్నా, కొంచెం నిదానంగా" అన్నాడు. నేను డెబ్బైలోనే ఉన్నాను. వంతెనల దగ్గర రోడ్డు అతుకులు వచ్చినప్పుడల్లా పైన పట్టీ పట్టుకుంటున్నాడని మా ఆవిడ తరవాత చెప్పింది. సూళ్లూరుపేటలో టిఫినుకి ఆగాం. వాడు దిగి నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి వంగాడు. మా అమ్మ చూసి నవ్వింది.

"ఏరా, నీకు ఇరవయ్యారే కదా?" అంది.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. దోసె సగం తిన్నాక "నాయనమ్మా, నువ్వు నెల్లూరు మానేసింది మోకాళ్ల వల్లేనా?" అని అడిగాడు.

"అదీ ఉందిలే నాయనా" అందావిడ. అంతకంటే ఒక్క మాట అనలేదు. వాడూ రెట్టించలేదు. లేచి వెళ్లి ఆవిడకి కాఫీ చల్లార్చి తెచ్చాడు.

ఆ మర్నాడు చెన్నై తిరిగి రాగానే వాడే అటక మీంచి పాత 16 అంగుళాల చక్రాలు దింపి వేయించాడు. గాలి చూపిస్తే నలభై ఉంది. నడిపేవాడి తలుపు తీస్తే లోపలి స్తంభం మీద ఏ చక్రానికి ఎంత గాలి ఉండాలో చీటీ అంటించి ఉంటుంది. మా కారుకి 33 అని ఉంది. గాలి కొట్టే కుర్రాణ్ణి అని లాభం లేదు, మనం అంకె చెప్పకపోతే వాడికి తోచింది కొడతాడు. చక్రాలు మార్చి, గాలి సరిచేశాక కారు పూలపల్లకీ అయిపోలేదు. ఆ జాతి లక్షణం పోదు. కాని మా అమ్మ భయం తీరేంత తేడా వచ్చింది.

ఇక్కడితో ఆపితే మా వాడికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. జమ పద్దు కూడా చూపించాలి.

ఫిబ్రవరిలో మళ్లీ నెల్లూరు వెళ్లాం. ఈసారి వాడు నడిపాడు, అమ్మ ముందు సీట్లో, నేను వెనక. నాయుడుపేట దాటాక ఒక లారీని దాటి ఎడమకి సర్దుకుంటున్నాం. ఎదురుగా, మా వైపు రోడ్డు మీదే, గడ్డి మోపులతో ట్రాక్టరు వస్తోంది. అడ్డదారి కోసం ఎదురుగా వచ్చే ఆ అలవాటు మన హైవేలన్నిటి మీదా ఉన్నదే. నాకు కనపడేసరికే మా వాడు బ్రేకు తొక్కి, స్టీరింగ్ ఎడమకి, వెంటనే కుడికి తిప్పాడు. కారు తూలలేదు, వెనక భాగం జారలేదు. రోడ్డు అంచున గీత మీద పెట్టినట్టు నిలబడింది. అమ్మ చేతిలో పూల పొట్లం కూడా జారలేదు.

నా పాత కారు నాకు ప్రాణం. కాని ఆ బరువుతో, ఆ మెత్తని స్ప్రింగులతో అలా రెండుసార్లు వెంటవెంటనే తిప్పితే అది ఎంత ఊగేదో నాకు తెలుసు. ఇలాంటప్పుడు చక్రాలకి విడివిడిగా బ్రేకు వేసి కారుని దారిలో పెట్టే ఇఎస్‌సి అనే ఏర్పాటు కూడా ఈ కారులో ఉంది, నా పాత కారులో లేదు. నేను ఇన్నాళ్లూ హ్యాండ్లింగ్ అంటే కుర్రాళ్ల సరదా అనుకున్నాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొచ్చే గుణం అది. మా అమ్మ పక్కకి తిరిగి మనవడి భుజం మీద చెయ్యి వేసి "నీళ్లు తాగు" అంది. నేను వెనక సీట్లో కూర్చుని, ఈ ఏడాదంతా రాసుకున్న పద్దు మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాను.

కాబట్టి ఇలాంటి కారు కొనాలని మీ ఇంట్లో పిల్లలు ముచ్చటపడితే వద్దని కొట్టిపారెయ్యకండి. ఈ నాలుగూ చూసి కొనండి.

ఒకటి, టెస్ట్ డ్రైవుకి ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లని తీసుకెళ్లండి, వెనక సీట్లో కూర్చోబెట్టండి. షోరూము ముందున్న నున్నటి రోడ్డు మీద కాదు, మీ వీధిలో, మీ స్పీడ్ బ్రేకర్ల మీద నడిపించండి. స్పీడ్ బ్రేకరుకి కూడా ఒక కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, పాతిక కిలోమీటర్ల వేగంతో దాటగలగాలి. మీ వీధిలోది ఆ కొలతకి ఉందేమో టేపు పెట్టి చూడండి. మా వీధిలోది చాప చుట్టినట్టుంటుంది.

రెండు, పెద్దవాళ్లు ఎక్కడం, దిగడం చూడండి. ఈ కార్ల సీటు కిందికి ఉంటుంది. నడుం నొప్పికి కుదుపు ఒక్కటే కారణం కాదు, వంగి కూర్చోవడమూ, చేతి ఆసరా లేకుండా లేవడమూ కారణమే. వాళ్లకి ముందు సీటు ఇవ్వండి, దాన్ని బాగా వెనక్కి జరపండి.

మూడు, చక్రాలూ టైర్లూ కంపెనీ ఇచ్చిన కొలత దాటకండి. దాటితే ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. తెలపకపోతే క్లెయిము రోజున చిక్కులొస్తాయి. మార్చాలని ఉంటే బ్రేకులూ మంచి టైర్లూ ముందు, అందం తరవాత.

నాలుగు, గాలి పదిహేను రోజులకోసారి, కారు చల్లగా ఉన్నప్పుడు, తలుపు మీది అంకె ప్రకారం పట్టించండి. ఇందులో ఖర్చు లేదు కాబట్టి మా బ్యాంకువాళ్లందరికీ నచ్చే సలహా ఇదే.

అయిదోది కూడా ఉంది గాని అది షోరూములో దొరకదు. కారు ఎంత బాగా మాట వింటుందన్నది ఒక పరీక్ష. దాన్ని నడిపేవాడు వెనకవాళ్ల మాట ఎంత వింటాడన్నది ఇంకో పరీక్ష. మా వాడు రెండోదీ నేర్చుకున్నాడు. ఇప్పుడు స్పీడ్ బ్రేకరు వస్తే అద్దంలోకి చూసి "నాయనమ్మా, కుదుపు" అని ముందుగా చెబుతాడు. ఆవిడ ముందు సీట్లో ఉన్నా సరే, అలవాటుగా అద్దంలోకే చూస్తాడు.

ఆదివారాలు తెల్లవారుజామున వాడొక్కడే కారు తీసుకుని ఈసీఆర్ వైపు వెళ్లి, ఎనిమిదింటికి ఇడ్లీల వేళకి ఇంటికి వస్తాడు. మొహం వెలిగిపోతుంటుంది. ఆ రెండు గంటలూ వాడివి, మేమెవరం అడగం. ఆ 17 అంగుళాల చక్రాలు అటక మీదున్నాయి. మళ్లీ వేసుకోనా అని వాడు అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. మా అమ్మ మాత్రం నిన్న సంచీ సర్దుకుంటూ "ఈ శనివారం ఎన్నింటికిరా బయలుదేరడం?" అని నన్ను కాదు, వాణ్ణే అడిగింది.

మీ ఇంట్లో వెనక సీటు వాళ్లు ఏమంటున్నారో అసోసియేషన్ ఆఫీసు చిరునామాకి ఉత్తరం రాయండి. వచ్చే సంచికలో మళ్లీ నా పాత ధోరణికి వస్తాను. లాకరు తాళం ఇద్దరి పేర ఉంటే మంచిదా, ఒక్కరి పేర ఉంటే మంచిదా అన్న సంగతి చూద్దాం.